పోయిన చోటే వెతుక్కుంటానంటున్నారు

"మేము కాలిఫోర్నియాలో ఉంటాం. జూన్‌లో పిల్లలతో లాస్ వేగస్ వెళ్ళాం. రెండో రాత్రి మేం నిద్రపోయాక మావారు కిందికి వెళ్ళి రూలెట్‌లో 9,000 డాలర్లు పోగొట్టారు. బాబు కాలేజీకి దాచిన డబ్బది. నెల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. అడిగితే 'వేగస్ వెకేషన్' సినిమా పెట్టి, చివరికి వాళ్ళకి కలిసొచ్చింది కదా అని నవ్వేస్తారు. డిసెంబరులో మళ్ళీ వెళ్దాం, పోయిన చోటే వెతుక్కోవాలి అంటున్నారు. పదిహేడేళ్ళ బాబేమో ఆ సినిమాలో కుర్రాడిలా దొంగ ఐడీతో తనూ ఆడతానంటున్నాడు. మా బావగారికి చెప్పనా, ఊరుకోనా?"

అమ్మా, ఊరుకోవద్దు. కానీ బావగారికంటే ముందు మీవారితోనే కూర్చోండి.

1997 నాటి ఆ సినిమాని మీవారు సగమే గుర్తుపెట్టుకున్నారు. చెవీ చేజ్ వేసిన ఆ తండ్రి బ్లాక్‌జాక్ బల్ల దగ్గర ఇంటి సొమ్మంతా ఊడ్చేస్తాడు. భార్య ఒకవైపు, పిల్లలు చెరోవైపు అయిపోతారు. జాలిపడి బంధువు ఎడ్డీ పెరట్లో పాతిపెట్టుకున్న డబ్బు తవ్వి ఇస్తే, అదీ ఆటలోనే పోతుంది. చివరికి వాళ్ళని గట్టెక్కించింది ఆ తండ్రి ఆట కాదు. పక్కన కూర్చున్న ముసలాయన ప్రాణం పోతూ, లాటరీలాంటి కీనో ఆటలో గెలిచిన తన టికెట్ వాళ్ళ చేతిలో పెట్టాడు, అంతే. అలాంటి టికెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఏ ఇల్లూ నడవదు కదా!

చెవిపోగు పడిపోతే పోయిన చోట వెతుకుతాం, అది అక్కడే ఉంటుంది కాబట్టి. మీ 9,000 అక్కడ లేదు. అక్కడ ఎక్కువగా కనిపించే రూలెట్ చక్రంలో రెండు సున్నాలతో కలిపి 38 గళ్ళుంటాయి. ఒక అంకె మీద కాసి గెలిస్తే డాలరుకు 35 ఇస్తారు. ఆ తేడా వల్ల కాసే ప్రతి 100 డాలర్లలో సగటున 5 డాలర్ల పైచిలుకు కేసినోకే మిగులుతుంది. ఈ లెక్క మీవారితో కాగితం మీద వేయించండి.

నన్ను భయపెట్టింది డబ్బు పోవడం కంటే, నెలరోజులు దాచడం, ఇప్పుడు రాబట్టాలనుకోవడం. జూదం అలవాటుగా ముదిరేది ఈ దారిలోనే. పిల్లలు ఇంట్లో లేని పూట చూసి, "తిట్టడానికి కాదు, మొత్తం తెలుసుకోవడానికి అడుగుతున్నాను" అని మొదలుపెట్టండి. బ్యాంకు ఖాతాలు, కార్డులు ఇద్దరూ కలిసి చూడండి. క్రెడిట్ కార్డు మీద నగదు అప్పు (క్యాష్ అడ్వాన్స్) తీసి ఉంటే ముందు అది తీర్చండి, దానికి సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాలేజీ డబ్బుని ఇద్దరి సంతకం లేనిదే కదలని ఖాతాలోకి మార్చండి.

ఆయన కోపంతో లేచిపోతే, లేదా తెలియని అప్పు బయటపడితే, అప్పుడు బావగారికి చెప్పండి. అందులో పరువు తక్కువేం లేదు. కానీ ఆయన డబ్బిస్తానంటే మాత్రం వద్దనండి. ఎడ్డీ డబ్బు ఏమైందో చూశారుగా. తమ్ముడి పక్కన కూర్చుని మాట్లాడమనండి, చాలు. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన, జూదం మానాలనుకునేవాళ్ళ సంఘం గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలకు తోడు వెళ్ళమనండి. కుటుంబాల కోసం గ్యామ్-అనాన్ అని వేరేగా ఉంది. మీవారు సమావేశాలకు వెళ్ళకపోయినా అక్కడికి మీరు వెళ్ళొచ్చు.

బాబు సంగతి. నెవాడాలో 21 ఏళ్ళు నిండనిదే ఆడకూడదు, దొంగ ఐడీ నేరం. సినిమాలో ఆ కుర్రాడు కార్ల మీద కార్లు గెలుస్తాడు, వాడి వయసుకి అది ముచ్చటగానే ఉంటుంది. జూన్‌లో ఏం జరిగిందో వాడికి వాళ్ళ నాన్నే చెప్పాలి, నవ్వకుండా. మీరు ఆయన పక్కనే ఉండండి.

డిసెంబరు బుకింగ్ ఏదైనా చేసి ఉంటే ఈ వారమే రద్దు చేయండి. మాట్లాడాక మళ్ళీ రాయండి.