పద్నాలుగు పేర్లు, 7,700 రూపాయలు: దసరా బుట్టల లెక్క

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను ప్రైవేటు పాఠశాలలో టీచరును, జీతం 18,000. మా వారు బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతారు, పనివాళ్లు ముగ్గురు. గత దసరాకు వియ్యంకులకు, ఇద్దరు ఆడబిడ్డలకు, పనివాళ్లకు, ఇరుగుపొరుగు, తోటి టీచర్లు ఎనిమిది మందికి కలిపి 14 గిఫ్ట్ బుట్టలు, ఒక్కొక్కటి 1,500 చొప్పున, క్రెడిట్ కార్డు మీద కొన్నాము. పది నెలలుగా నెలకు 2,000 కడుతున్నా బాకీ తీరలేదు. ఈసారి చేతిలో 15,000 ఉన్నాయి. ఎవరినీ తక్కువ చేసినట్టు కాకుండా బుట్టలు ఎలా సర్దాలి?

జవాబు: అమ్మా, ఈ ఏడాది బుట్టల మాట ఎత్తడానికి ముందు, నిరుటి బుట్ట మీకు నిజంగా ఎంతకు పడిందో చూద్దాం. కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే, 21,000 బాకీకి మొదటి నెలలోనే దాదాపు 870 రూపాయలు వడ్డీ కింద పోతాయి. మీరు కట్టిన 2,000లో అసలుకు జమ అయింది 1,130 మాత్రమే. ఈ లెక్కన బాకీ తీరడానికి 14 నెలలు పడుతుంది, మొత్తం కట్టేది సుమారు 28,000 అవుతుంది. అంటే 1,500 పెట్టి కొన్న ప్రతి బుట్టా మీకు 2,000కు పడింది, పైగా ఈ దసరా దాటినా దాని వాయిదాలు నడుస్తూనే ఉంటాయి.

అందువల్ల మీ 15,000లో మొదటి ఖర్చు కార్డుదే. పది వాయిదాల తర్వాత బాకీ సుమారు 7,300 మిగిలి ఉంటుంది, దాన్ని ఒకేసారి కట్టేయండి. పాత బాకీ ఉన్నంతకాలం అదే కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. మిగిలిన 7,700లోనే పద్నాలుగు పేర్లూ సర్దాలి. సర్దవచ్చు కూడా, కాకపోతే అందరికీ ఒకే ధర బుట్ట అన్న పట్టింపును వదులుకోవాలి.

నా పంపకం ఇది: వియ్యంకులవారికి 1,500, ఆడబిడ్డలకు వెయ్యి చొప్పున 2,000, పనివాళ్లకు ఆరు వందల చొప్పున 1,800, మిగిలిన ఎనిమిది మందికి 250 చొప్పున 2,000. మొత్తం 7,300. రెడీమేడ్ బుట్టలు కాకుండా సరుకులు విడిగా కొని ఇంట్లోనే సర్దండి, మిగిలే 400 ఖాళీ బుట్టలకు, ఆటో కిరాయికి సరిపెట్టండి.

రెడీమేడ్ బుట్ట ఎందుకు వద్దంటున్నానో ఒక అనుభవం చెబుతాను. నిరుడు నల్లగొండలో ఒక దుకాణంలో 900 పెట్టి బుట్ట కొని, ఇంట్లో కూర్చుని విప్పాను. పైన మెరిసే ప్లాస్టిక్ కాగితం, రిబ్బను తీసేస్తే అడుగున సగం ఎత్తు వరకు కత్తిరించిన రంగు కాగితాల పీచే ఉంది. దాని మీద నిలబెట్టిన బిస్కెట్లు, జ్యూసు, చాక్లెట్ల డబ్బాల ఎమ్మార్పీలన్నీ కూడితే 510 తేలింది. ఒక డబ్బాకైతే వాడవలసిన గడువు ఇంకో పన్నెండు రోజులే ఉంది. కట్టి ఉన్న బుట్టలో గడువు తేదీ మనకు కనబడదు, అదే విడిగా కొంటే చేతిలోకి తీసుకుని చూసే కొంటాం.

పనివాళ్ల బుట్ట గురించి కొంచెం ఆగి చెప్పాలి. లీటరు పల్లీ నూనె, కిలో కందిపప్పు, కిలో బెల్లం, పావు కిలో మిఠాయి పెడితే ఆరు వందలలో సరిపోతుంది, అది పండగ పూట వాళ్ల వంటింట్లో నిజంగా ఖర్చయ్యే సరుకు. షాపులో ఆయుధ పూజ అయ్యాక మీ వారి చేతుల మీదుగా ఇప్పించండి. అయితే ఏటా ఇచ్చే బోనస్ ఉంటే, దాన్ని తగ్గించి బుట్టతో సరిపెట్టవద్దు. మీ షాపుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నా, బహుమతిగా ఇచ్చిన సరుకుల మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని షాపు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదు కనుక, ఆ ఆశతో బిల్లు పెంచుకోకండి.

వియ్యంకులవారి బుట్టలో పావు కిలో చొప్పున జీడిపప్పు, ఖర్జూరం, అర కిలో నేతి మిఠాయి, తాంబూలం, ఒక పోచంపల్లి ఇక్కత్ జాకెట్ గుడ్డ ఉంటే నిండుగా ఉంటుంది. గుడ్డను వెనక్కి తిప్పి చూసి కొనండి. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. వెనక వైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ, దానికి చేనేత ధర కట్టనక్కర లేదు. ఆడబిడ్డలకు ఇవే వస్తువులు, తూకం తగ్గించి పెట్టవచ్చు. పుట్టింటి వాటా కనుక జాకెట్ గుడ్డ మాత్రం తగ్గించకండి.

ఎనిమిది మందికి ఇచ్చే 250 బుట్టకు ఇంటి వంటే బలం. పది గరిజెలు, పావు కిలో మురుకులు, పల్లీ పట్టీలు ఒక కాగితపు సంచిలో మోదుగ విస్తరి పరిచి పెట్టండి. ఒక ఆదివారం ఇద్దరు కూర్చుంటే ఎనిమిదింటికీ సరిపడా తయారవుతాయి. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే ఊళ్లలో, సంచి చిన్నదని ముఖం ముడుచుకునేవారు ఎక్కువమంది ఉండరని నా నమ్మకం.

వచ్చే ఏటికి బ్యాంకులో నెలకు వెయ్యి చొప్పున ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కట్టమని చెప్పడం తేలికే కానీ, మీ ఇంటికి అది అతకదు. యాసంగిలో బోర్లు ఆగకుండా నడిచి మోటార్లు కాలే రోజుల్లో వైండింగ్ షాపుకు వచ్చే పని వానాకాలంలో ఉండదు, దసరా సరిగ్గా ఆ మందకొడి నెలల తర్వాతే వస్తుంది. కనుక ఫిబ్రవరి నుంచి మే వరకు నెలకు 2,500 పక్కన పెట్టి, ఆ పది వేలను సెప్టెంబరు వరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. పండగ సరుకులు ఇస్తామంటూ నెలనెలా వసూలు చేసే దసరా చిట్టీలలో, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందని కాగితం చూపించలేని వాటి జోలికి పోకండి.

కార్డు బాకీ కట్టే రోజున బ్యాంకుకు ఫోన్ చేసి ఆ తేదీకి మొత్తం ఎంతో అడిగి కట్టండి. బిల్లు వచ్చిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య వడ్డీ కొద్దిగా తర్వాతి నెల బిల్లులో కనిపిస్తుంది. అది యాభై రూపాయలైనా సరే, గడువులోగా కట్టి, బాకీ సున్నా అని రాసి ఉన్న స్టేట్‌మెంటు చేతికి వచ్చాకే ఆ కార్డును మళ్లీ బయటికి తీయండి.