రెండో ప్రపంచ యుద్ధంలో భార్యాబిడ్డలున్న బాంబర్ సిబ్బంది జీవితం ఎలా ఉండేది?

బ్రిటన్ బాంబర్ కమాండ్ (వైమానిక దళంలో బాంబు దాడులు చేసే విభాగం) సంగతి చెప్తాను. నిన్న రాత్రి బెర్లిన్ మీద ఫిరంగి గుండ్ల మధ్య ఎగిరినవాడు ఈ సాయంత్రం భార్యతో సినిమాకి వెళ్లొచ్చు. కందకాల్లో ఉండే సైనికుడికి ఈ వీలు లేదు. కానీ నన్నడిగితే అసలు నరకం ఈ రాకపోకల్లోనే ఉంది.

మొదటి టూర్ (ఒక విడత డ్యూటీ) అంటే మామూలుగా 30 దాడులు. లాంకాస్టర్ అనే బాంబర్ విమానంలో ఏడుగురు ఉండేవారు. తోకలోని గన్నర్ గంటల తరబడి ఇరుకు గూట్లో ఒంటరిగా కూర్చోవాలి. కరెంటుతో వేడెక్కే సూట్ పాడైతే వేళ్లు కొంకర్లు పోయేవి. దిగాక టీ, అధికారుల ప్రశ్నలు, తర్వాత కోడిగుడ్డుతో టిఫిన్ (రేషన్ రోజుల్లో అది భోగమే), ఆపైన నిద్ర.

కొందరి భార్యలు ఎయిర్‌ఫీల్డ్ దగ్గరి పల్లెల్లో గది తీసుకుని ఉండేవాళ్లు. సాయంత్రం ఎన్ని లేచాయో, తెల్లారేలోపు ఎన్ని దిగాయో చప్పుడు విని లెక్కపెట్టుకునేవాళ్లు. లెక్క తగ్గినా, ఇంకో చోట దిగి ఉంటాడేమోనన్న ఆశ. వచ్చే టెలిగ్రామ్‌లో చాలాసార్లు ‘ఆచూకీ తెలియలేదు’ అనే ఉండేది. బందీ అయ్యాడో, చనిపోయాడో తేలడానికి నెలలు పట్టేది. అంతవరకూ పిల్లలకి ఏం చెప్పాలో తెలియని టెన్షన్. సుమారు 1,25,000 మంది సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు.

మీ కుటుంబంలో అలాంటివారు ఉంటే ముందు వాళ్ల లాగ్‌బుక్ వెతకండి. తేదీ, విమానం, చేసిన పని, ఎగిరిన సమయం అన్నీ అందులో ఉంటాయి. రాత్రి ప్రయాణాలు సాధారణంగా ఎర్ర సిరాతో రాసేవారు.