దక్షిణ సూడాన్ వెళ్తానంటున్న కావలి అమ్మాయి

ప్రశ్న: మాది కావలి. బస్టాండు దగ్గర చిన్న మెడికల్ షాపు. అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేలా ఉంది. ఈ మధ్య దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున మానవ హక్కుల పని చేసేవాళ్ళ వీడియోలు చూసి, తానూ అదే చేస్తానంటోంది. ఇంట్లో రోజూ గొడవే. అసలు అదొక ఉద్యోగమేనా? జీతం ఉంటుందా? ఆడపిల్లని యుద్ధాలు జరిగే చోటికి ఎట్లా పంపేది? ఒక కన్సల్టెన్సీవాళ్ళు లక్షన్నర కడితే అక్కడ పోస్టింగ్ ఇప్పిస్తామంటున్నారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కట్టొద్దు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగానికి దరఖాస్తు, ఇంటర్వ్యూ, శిక్షణ, ఏ దశలోనూ ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. ఖాళీలన్నీ వాళ్ళ సొంత వెబ్‌సైట్లలోనే పెడతారు, ఎవరికి వాళ్ళు నేరుగా అప్లై చేసుకోవాలి. మధ్యలో ఏజెంటు అనేవాడే ఉండడు. కువైట్ వీసాల పేరుతో మన వైపు ఎంతమంది పొలాలు తాకట్టు పెట్టుకున్నారో మీకు తెలియనిది కాదు. ఇదీ అదే ఆట, దేశం పేరు ఒక్కటే మారింది.

ఇక అమ్మాయి సంగతి. అదొక ఉద్యోగమే, జీతమూ ఉంటుంది. అయితే మీరు అనుకుంటున్న ఉద్యోగం వేరు, వీడియోలు చూసి తను అనుకుంటున్నది వేరు, అసలు పని వేరు. వీడియోల్లో తెల్ల హెలికాప్టరు, నీలం టోపీలు కనపడతాయి. అసలు పనిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరి ఎదురుగా కూర్చుని, వాళ్ళకి ఏం జరిగిందో ఓపిగ్గా విని, తప్పు లేకుండా రాసుకోవడం.

దక్షిణ సూడాన్ 2011 జూలై 9న స్వతంత్ర దేశమైంది. 2013 డిసెంబరుకల్లా అంతర్యుద్ధంలో పడింది. ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చిన జనానికి ఐక్యరాజ్యసమితి తన స్థావరాల గేట్లు తెరిచింది, వేలాదిమంది ఏళ్ళ తరబడి ఆ కంచెల లోపలే బతికారు. 2018 సెప్టెంబరులో శాంతి ఒప్పందం కుదిరినా కాల్పులు పూర్తిగా ఆగలేదు. అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ మిషన్‌లో మన సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, మీ అమ్మాయి చూసిన వీడియోల్లో వాళ్ళే ఉండొచ్చు. అదే మిషన్‌లో మానవ హక్కుల విభాగం ఒకటి ఉంటుంది. ఏ ఊరి మీద ఎవరు దాడి చేశారు, ఎంతమంది పోయారు, ఆడవాళ్ళని ఎవరు ఎత్తుకెళ్ళారు అన్నది వీళ్ళు వెళ్ళి విచారించి, ఒకరు చెప్పినదాన్ని ఇంకో ఇద్దరు ముగ్గురి మాటలతో సరిచూసి, రిపోర్టు రాస్తారు. ఇదికాక జెనీవాలోని మానవ హక్కుల మండలి 2016లో ఆ దేశం కోసం విడిగా ఒక కమిషన్ వేసింది. రేపెప్పుడైనా కోర్టు కూర్చుంటే పనికొచ్చేలా సాక్ష్యాలు సేకరించి భద్రపరచడం దాని పని.

రాయడంతో అయిపోదు. అక్కడ చాలా చోట్ల జడ్జి అనే మనిషే లేడు. అందుకని జడ్జిలని, ప్రాసిక్యూటర్లని, డిఫెన్స్ లాయర్లని విమానంలో తీసుకెళ్ళి కొన్నాళ్ళపాటు సంచార కోర్టులు నడిపిస్తారు. పోలీసులకి, సైన్యానికి శిక్షణ ఇస్తారు. తీర్పు చెప్పేది మాత్రం ఆ దేశపు జడ్జే. బయటివాళ్ళు బండి తోలరు, చక్రం కూరుకుపోయిన చోట భుజం పెడతారంతే.

మన దూబగుంట గుర్తు తెచ్చుకోండి. సాక్షరతా ఉద్యమంలో వాచకాలు, లాంతర్లు బయటినుంచే వచ్చాయి. 1992లో సారా దుకాణం మూయించింది మాత్రం ఊరి ఆడవాళ్ళు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే అది వాచకం రాసినవాళ్ళ గొప్ప కాదు, అలాగని వాచకం లేకుండా అయ్యేదీ కాదు. అంతర్జాతీయ సాయం కూడా అంతే. ఆ వాచకం పాత్రతో సరిపెట్టుకోగలిగిన మనిషికే ఈ ఉద్యోగం నప్పుతుంది. నేనెళ్ళి కాపాడతాను అనుకునేవాళ్ళు ఏడాదిలో తిరిగొచ్చేస్తారు.

ఎందుకంటే ఫలితం కంటికి కనపడదు. 2016 జూలైలో రాజధాని జూబాలో సైనికులు ఒక హోటల్ కాంపౌండ్ మీద పడి, స్థానిక జర్నలిస్టుని చంపారు, విదేశీ సహాయ సంస్థల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. 2018 సెప్టెంబరులో అక్కడి సైనిక కోర్టు పదిమంది సైనికులకి శిక్ష వేసింది. బాధితుల్లో విదేశీయులు ఉన్నారు కాబట్టే కేసు అంత దూరం వచ్చిందని నా అభిప్రాయం. పల్లెల్లోని వాళ్ళ సొంత ఆడవాళ్ళ విషయంలో అలా జరగడం అరుదు. ఆఫ్రికన్ యూనియన్‌తో కలిసి ప్రత్యేక కోర్టు పెడతామని 2018 ఒప్పందంలో రాసుకున్నారు. ఏళ్ళు గడిచినా ఆ కోర్టు మొదలు కాలేదు. మీ అమ్మాయి రిపోర్టు రాస్తుంది, ఎవరికీ శిక్ష పడదు, మళ్ళీ ఇంకోటి రాస్తుంది. అది తట్టుకోగలదా అన్నదే నాకు కన్సల్టెన్సీ ఫీజుకన్నా పెద్ద ప్రశ్న.

రాసిన కాగితం వృథా పోదనడానికి దగ్గర్లోనే నేపాల్ ఉంది. మావోయిస్టుల యుద్ధం నడుస్తుండగా 2005లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అక్కడ ఆఫీసు తెరిచింది. ఖాట్మండులోని ఒక సైనిక బారక్‌లో 2003లో జనాన్ని ఎలా హింసించారు, 49 మంది ఎలా మాయమయ్యారు అన్నది 2006లోనే రిపోర్టుగా బయటపెట్టింది. 2011 చివర ఆ ఆఫీసు మూతపడింది. ఆ తర్వాత, 2015లో, మాయమైనవాళ్ళ గురించి విచారించే కమిషన్‌ని నేపాల్ ప్రభుత్వమే వేసింది. ఆ కుటుంబాలకి న్యాయం ఇంకా పూర్తిగా దొరకలేదు. కానీ మా వాడిని ఫలానా బారక్‌కి తీసుకెళ్ళారు అని చెప్పడానికి వాళ్ళ చేతిలో ఒక కాగితం ఉంది.

ఆ కాగితం ఎంత జాగ్రత్తగా రాయాలో నేను తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక లాయరు మిత్రుడితో కలిసి అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళాను. ఒక యానాది కుటుంబాన్ని అడ్వాన్సు పేరుతో కదలనీయకుండా పెట్టుకున్నారని కబురొచ్చింది. కట్ట మీద మోటారు షెడ్డు నీడలో కూర్చుని నేనే వాంగ్మూలం రాశాను. ఎప్పట్నుంచి ఉన్నారమ్మా అంటే, "రొట్టెల పండగ ముందే వచ్చినాం సామీ" అంది ఆమె. నేను తెలివిగా 'సుమారు ఏడాదిగా' అని రాసేశాను. ఆఫీసరు ముందు కాగితం పెడితే మొదటి ప్రశ్నే, ఏ సంవత్సరం రొట్టెల పండగ అని. మొహర్రంతో పాటు ఆ పండగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కదా. పండగకి ఎన్నాళ్ళ ముందు వచ్చారు, అప్పుడు వానలా ఎండలా, చిన్నపిల్ల అప్పటికి పుట్టిందా, ఇవేవీ నేను అడగలేదు. యజమాని పుస్తకంలో రెండు నెలలే అని ఉంది. మళ్ళీ అడుగుదామని వెళ్తే ఆ కుటుంబం అక్కడ లేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద వాళ్ళకి రావాల్సిన విడుదల పత్రం రాలేదు. ఆ 'సుమారు' అనే మాట నేను ఈనాటికీ ఎక్కడా రాయను.

దక్షిణ సూడాన్ పల్లెల్లోనూ జనం తేదీలు చెప్పరు, వానలకి ముందు, వానలకి తర్వాత అంటారు. అంటే ఆ పని అల్లూరు కట్ట మీద వచ్చినవాళ్ళకే జూబాలోనూ వస్తుంది. అమ్మాయికి నేను చెప్పేది ఇదే: ముందు నాలుగేళ్ళు జిల్లాలో చెయ్యి, తర్వాత దేశం దాటు.

దారులు రెండున్నాయి. ఒకటి లా. ఏ డిగ్రీ చదివినా లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చు, నెల్లూరులోనే కాలేజీ ఉంది. చదువుతూనే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (లాయరు కాకపోయినా జనానికి న్యాయసాయం అందేలా చూసేవాళ్ళు) పేరు నమోదు చేయించుకోమనండి. రోజుకిచ్చే గౌరవ వేతనం చూసి మీరు నవ్వుకుంటారు. కానీ జైలుకి, పోలీస్ స్టేషన్‌కి, గిరిజన కాలనీకి కాలు పెట్టే అవకాశం అంత సులువుగా ఇంకెక్కడా రాదు. ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్ విద్యార్థులకి ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది, వాటికీ అప్లై చెయ్యాలి.

రెండోది తన కంప్యూటర్ చదువునే వాడుకోవడం. ఇప్పుడు దాడి జరిగిన గంటలో ఫోన్ వీడియోలు బయటికొస్తాయి. అది నిజంగా ఆ ఊరిదేనా, ఆ రోజుదేనా అని కొండలు, నీడలు, ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చాలి. కోర్టులో నిలబడేలా ఆ పని ఎలా చెయ్యాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి 2020లో బర్కిలీ ప్రోటోకాల్ పేరుతో పద్ధతి రాసిపెట్టాయి. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ దారి పట్టేటట్టయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకోనక్కర్లేదు, రెండు మూడేళ్ళు చేస్తూ నేర్చుకోవచ్చు. షాపు మీద అప్పులేమన్నా ఉంటే నేను ఇదే మేలంటాను.

పై మెట్ల గురించి క్లుప్తంగా. అంతర్జాతీయ పోస్టుల్లో మామూలుగా మొదలయ్యే మెట్టుని పీ-2 అంటారు, దానికి సాధారణంగా పీజీ, రెండేళ్ళ అనుభవం అడుగుతారు. కుర్రవాళ్ళని తీసుకోడానికి ఐక్యరాజ్యసమితి పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకి వయసు 32 దాటకూడదు, ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉంటేనే రాయగలం. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పథకంలో 18 నుంచి 26 ఏళ్ళవాళ్ళకి ఒక విభాగం ఉంది, 27 నిండిన అనుభవజ్ఞులకి ఇంకోటి. ఇందులో వచ్చేది జీతం కాదు, జీవన భృతి. నాకు తెలిసి మనలాంటి ఇళ్ళ పిల్లలకి అందే గుమ్మం ఇదే. జెనీవా ఇంటర్న్‌షిప్ అంటే మాత్రం ఎగిరి గంతెయ్యొద్దు. సాధారణంగా వాళ్ళు డబ్బివ్వరు, ఆ ఊళ్ళో ఖర్చు మనం భరించలేం. అప్పు చేసి పంపకండి.

భాష మర్చిపోవద్దు. దక్షిణ సూడాన్‌లో ఆఫీసు భాష ఇంగ్లిషు, బజార్లో జూబా అరబిక్. కాంగో అయితే ఫ్రెంచి రాకుండా పని జరగదు. హైదరాబాద్‌లోని ఇంగ్లిషు, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ)లో అరబిక్, ఫ్రెంచి రెండూ నేర్పుతారు. ఏదో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టాలి, ముప్పయ్యేళ్ళు వచ్చాక నాలుక తిరగదు.

మీ భయం దగ్గరికి వస్తాను. అది ఉత్తి భయం కాదు. జూబా లాంటి చోటికి కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వరు. కాంపౌండ్ దాటాలంటే అనుమతి, రాత్రిళ్ళు కర్ఫ్యూ. కొన్ని వారాలకోసారి విశ్రాంతి కోసం తప్పనిసరిగా బయటికి పంపుతారంటేనే అక్కడి ఒత్తిడి అర్థం చేసుకోండి. అయితే సహాయ పనిలో ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది బయటినుంచి వెళ్ళినవాళ్ళు కారు, ఆ దేశం మనుషులే. ఆడపిల్లని అక్కడికి ఎట్లా పంపేది అని మీరడిగారు. అత్యాచారం జరిగిన మనిషి మగ ఆఫీసరు ముందు నోరు విప్పదు, అందుకే ఆడవాళ్ళు కావాలి. 2007లో లైబీరియాకి ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్ళిన మొట్టమొదటి మహిళా పోలీసు దళం మన దేశానిదే.

నాకున్న టెన్షన్ ప్రాణం గురించి కన్నా ఉద్యోగ భద్రత గురించి. ఈ పోస్టులు ఏడాదికీ రెండేళ్ళకీ ఇచ్చే కాంట్రాక్టులు. మిషన్ మూతపడితే ఉద్యోగం పోయినట్టే. మాలీ ప్రభుత్వం వెళ్ళిపొమ్మంటే 2023 డిసెంబరు చివరికల్లా అక్కడి మిషన్ మొత్తం సర్దేసుకుంది. 2025లో పెద్ద దేశాలు చెల్లించాల్సిన డబ్బు సరిగ్గా రాక, ఐక్యరాజ్యసమితి చాలా చోట్ల పోస్టులు కోసేసింది. అందుకే చేతిలో లా డిగ్రీనో, కంప్యూటర్ పనో ఉండాలంటున్నాను. పెళ్ళి గురించి ఉత్తరంలో మీరు రాయలేదు గానీ మనసులో ఉంటుంది. నేను చెప్పిన లెక్క ప్రకారం తను కదిలేసరికి ఇరవై ఆరు, ఇరవై ఏడు వస్తాయి. అప్పటిదాకా సంబంధాలు చూడొద్దని నేననను, ఈ సంగతి దాచి మాత్రం చూడకండి.

అమ్మాయి నన్ను కలవాలనుకుంటే, దానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసినవాళ్ళు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటారు. నాయనమ్మ ఉంటే ఇంకా మంచిది. ఆ రాత్రి ఏం జరిగిందో అడిగి రెండు పేజీలు రాయమనండి. ఆమె కళ్ళతో చూసింది ఒక పక్క, ఎవరో చెప్పగా విన్నది ఇంకో పక్క. గాలి ఏ వైపునుంచి మొదలైంది, ఇంట్లో ఎవరెవరున్నారు, దీపం ఎప్పుడారింది. అమ్మాయి తన మాట ఒక్కటీ కలపకూడదు. మధ్యలో పెద్దావిడ కళ్ళు తుడుచుకుని ఇక చాలమ్మా అంటే, పెన్ను మూసి పక్కన పెట్టి టీ పెట్టివ్వాలి. ఆ రెండు పేజీలూ, ఎక్కడ ఆగిందో అక్కడి వరకే, ఫోటో తీసి పంపమనండి.