“నంబర్స్ మ్యాచింగ్” అని అమ్మారు; ఇంజన్ మీద నంబరే అనుమానం

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. 2023 జూన్‌లో ఒహాయో డీలరు దగ్గర 1969 షెవర్లే కమారో జడ్-28 (స్పోర్ట్స్ మోడల్) కొన్నాను. ప్రకటనలో “నంబర్స్ మ్యాచింగ్, ఒరిజినల్ 302 ఇంజన్” అని ఉంది, అంటే ఫ్యాక్టరీలో ఈ కారుకి బిగించిన ఇంజనే ఇదని. బిల్లులో “యాజ్ ఈజ్” (ఉన్నదున్నట్టుగా) అన్నచోట సంతకం పెట్టాను. ఇప్పుడు రెస్టోరేషన్‌కి ఇంజన్ దింపితే, నంబరు తర్వాత కొట్టినట్టుందని మెషిన్ షాపువాళ్లు అంటున్నారు. డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఆ షాపుకి ఫోన్ చేసి, ఇంజన్ బ్లాకు డెక్ (సిలిండర్ హెడ్ కూర్చునే పైతలం) ముట్టుకోవద్దని చెప్పండి. నంబరు ఉండే ప్యాడ్ (చిన్న చదును చోటు) కుడివైపు సిలిండర్ హెడ్‌కి ముందు, డెక్‌తో సమానంగా ఉంటుంది. హెడ్ సరిగ్గా కూర్చోవాలని డెక్ చదును చేశారంటే మీ సాక్ష్యం ఇనప రజనైపోతుంది.

ఆ ఏడాది విన్ (కారు గుర్తింపు) నంబరు కారు వి8 అని చెబుతుందే తప్ప జడ్-28 అని చెప్పదు. పాంటియాక్‌కి పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) నుంచి, 1967 నుంచి వచ్చిన ఫోర్డ్‌కి మార్టీ రిపోర్టు ద్వారా ఫ్యాక్టరీ వివరాలు దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన షెవర్లేకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ధరంతా ఆ ఇనుము మీద, పాత కాగితాల మీద నిలబడుతుంది.

ప్యాడ్ మీద ఫ్లింట్ ప్లాంటు ‘వి’, నాలుగంకెల తేదీ (ఇంజన్ కూర్చిన రోజు), చివర 302 కోడు ‘డీజెడ్’ ఉండాలి. దానితోపాటు ప్యాడ్ మీదో, ఆయిల్ ఫిల్టర్ దగ్గర బ్లాకు మీదో మీ విన్‌లోని చివరి భాగం. ఫ్యాక్టరీలో మిగిలే సన్నని నిలువు గీతలు ఇప్పుడు లేకపోతే అనుమానం సహజమే. కానీ గీతలు లేనంత మాత్రాన ఇంజన్ వేరేదని రుజువైనట్టు కాదు. ఎప్పుడో రీబిల్డ్‌లో డెక్ చదును చేసి, అదే నంబరు మళ్లీ కొట్టి ఉండొచ్చు. డీలరు లాయరు మొదట అనేది ఇదే. మీకు పనికొచ్చేది పోత తేదీ, అంటే బ్లాకును అచ్చులో పోసిన రోజు. బ్లాకు వెనక ఒక అక్షరం (నెల), రోజు, ఏడాది చివరి అంకె ఉంటాయి. పోత తేదీ ఇంజన్ కూర్పు తేదీకన్నా ముందు, కూర్పు కారు తయారీకన్నా ముందు ఉండాలి. కారు పుట్టాక పోత పోసిన బ్లాకు అందులో ఉంటే ఇక వాదించడానికి వాళ్లకేం మిగలదు. అన్నీ స్కేలు పెట్టి ఫొటోలు తీయించి, ఈ కార్లు తెలిసిన స్వతంత్ర నిపుణుడి చేత రాతపూర్వక నివేదిక తీసుకోండి.

“యాజ్ ఈజ్” చూసి చాలామంది ఆశ వదులుకుంటారు, అనవసరంగా. యూనిఫాం కమర్షియల్ కోడ్ (అమ్మకాలపై అమెరికా రాష్ట్రాల ఉమ్మడి చట్టం) 2-313 ప్రకారం, బేరానికి ఆధారమైన వాస్తవ ప్రకటన హామీయే. “అద్భుతమైన కారు” అంటే పొగడ్త. “ఒరిజినల్ 302” అంటే హామీ. “యాజ్ ఈజ్” మామూలు అంతర్లీన హామీలను (ఎవరూ చెప్పకపోయినా చట్టం ఇచ్చేవి) తుడిచేస్తుంది గానీ స్పష్టంగా ఇచ్చినదాన్ని కాదు. నాకు భయమల్లా మరో వాక్యం: “ఈ పత్రమే పూర్తి ఒప్పందం” అని బిల్లులో ఉందేమో వెతకండి. ఉంటే ప్రకటనను హామీగా చూపడం కష్టమవుతుంది. అప్పుడు దావా మోసం కిందికి తిప్పాలి, డీలరుకి ముందే తెలుసని చూపాలి.

గెలిస్తే సాధారణంగా వచ్చేది, చెప్పినట్టే ఉంటే కారుకి ఉండే విలువకీ, చేతికొచ్చిన కారు విలువకీ మధ్య తేడా. ఈలోగా ఎవరికైనా అమ్మాలనుకుంటే అనుమానం దాచకండి; తెలిసి దాస్తే ముద్దాయి మీరవుతారు.

గడువు నాలుగేళ్లు, అదీ కారు అందిన రోజు నుంచి, విషయం బయటపడిన రోజు నుంచి కాదు. అంటే మీకు 2027 జూన్. బిల్లులో ఏడాదికి కుదించి ఉంటే హామీ దావా ఇప్పటికే దాటిపోయింది. డీలరుకి తగిన సమయంలో తెలియజేయకపోతే కూడా హక్కు పోతుంది (అదే కోడ్, 2-607). ఈ వారమే సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపి, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, మెసేజీలు తీసుకుని టెక్సస్ లాయర్ని కలవండి. కేసు ఒహాయోలోనే వేయాలన్న షరతు ఉందో లేదో ముందు ఆయన చేత చూపించుకోండి.