ఒక్క మార్కు పోతే గంటసేపు ఏడుపు: తెలివైన పిల్లలతో ఎలా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఏడో తరగతి లెక్కలు అలవోకగా చేసేస్తుంది. కానీ ఒక్క మార్కు తగ్గినా గంటసేపు ఏడ్చి, పేపరు చించేస్తుంది. తోటిపిల్లలతో కలవదు. డబుల్ ప్రమోషన్ ఇప్పించమంటారా? ఏ కోర్సువైపు నడిపించాలి?
- ఒక తల్లి

జవాబు: లెక్కల్లో మీ పాపకు పన్నెండేళ్లు, ఏడుపులో, అలకలో తొమ్మిదే. ఇలాంటి పిల్లల్లో ఈ తేడా మామూలే. పెద్దదానిలా మాట్లాడుతోంది కదా, పెద్దదానిలా తట్టుకుంటుందిలే అనుకుంటేనే చిక్కు. ‘ఇంత తెలివుండి ఈ ఏడుపేంటి’ అన్న మాట ఇంట్లో వినపడనివ్వకండి.

తనకు ఇన్నాళ్లూ చూడగానే జవాబు తట్టేసి ఉంటుంది. అందుకే, తట్టనిది ఎదురైతే ‘నాకు తెలివి లేదేమో’ అని భయం. పొగడ్తలూ దీన్ని పెంచుతాయి. 1998లో మనస్తత్వ పరిశోధకులు క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివికి మెప్పు పొందిన ఐదో తరగతి పిల్లలు ఒకసారి దెబ్బతినగానే తర్వాతి ప్రశ్నల్లో వెనకబడ్డారు. శ్రమకు మెప్పు పొందినవాళ్లు నిలదొక్కుకున్నారు. కాబట్టి ‘నువ్వు జీనియస్‌వి’ మానేసి, ‘మొదటి దారి కుదరకపోతే ఇంకోటి పట్టావే, బాగుంది’ అనండి.

రోజూ 20 నిమిషాలు, వెంటనే తేలని లెక్క ఒక్కటే ఇవ్వండి. పెన్నుతో చేయమనండి. తప్పైతే చెరపకుండా ఒక అడ్డగీత కొట్టి, కింద మళ్లీ మొదలుపెట్టాలి. టైమవగానే తేలకపోయినా ఆపేయండి, మర్నాడు అక్కణ్నుంచే. జవాబు మీరు చెప్పేయొద్దు, ‘ఎక్కడిదాకా వచ్చావు?’ అని మాత్రం అడగండి. మొదట్లో ఏడుపు పెరగొచ్చు. ఏడుస్తున్నప్పుడు నీతులొద్దు, పక్కన కూర్చుంటే చాలు. వారమంతా ఒక్కటీ తేలకపోతే మాత్రం లెక్క మరీ బరువైందని అర్థం, ఒక మెట్టు దిగండి. ఈత, వాయిద్యం లాంటి నిదానంగా పట్టుబడే విద్య ఒకటి నేర్పించడం కూడా మంచిది.

డబుల్ ప్రమోషన్ చెడ్డదేం కాదు. సరిగ్గా ఎంచి పంపిన పిల్లలు సాధారణంగా బాగానే ఇముడుతారు. అయితే ముందు లెక్కల పీరియడ్ ఒక్కదానికే పైతరగతికి పంపమని అడగండి, ఒక టర్మ్ చూడండి. పైతరగతి నోట్సుకు తగ్గ వేగంతో రాయగలదా, ఆ టీచరు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, అన్నిటికన్నా ముఖ్యంగా పాపకు వెళ్లాలనుందా? మార్కులు ఒక్కటే చూసి పంపితే దెబ్బతినేది ఇక్కడే. కుదరకపోతే వెనక్కి రావచ్చని, అది ఓటమి కాదని ముందే చెప్పండి.

స్నేహితులు పదిమంది అక్కర్లేదు. తన ఇష్టాలు పంచుకునే ఒక్కరు దొరికితే చాలు, వయసు రెండేళ్లు అటూఇటైనా సరే.

రోజూ బడికెళ్లే ముందు కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆటలు పూర్తిగా మానేయడం కనిపిస్తే పిల్లల సైకాలజిస్టును కలవండి. ‘నేను లేకపోతే బాగుణ్ణు’ అంటే ఆ రోజే వెళ్లండి. ఐక్యూ పరీక్ష చేయిస్తే మొత్తం స్కోరుతో సరిపెట్టుకోకుండా విభాగాలవారీ స్కోర్లు అడగండి. రాయడంలోనో చదవడంలోనో ఇబ్బందిని సూచించే తక్కువ స్కోరు సగటులో కనబడకుండా పోవచ్చు.

కోర్సు సంగతి ఇప్పుడొద్దు. ఇలాంటి పిల్లలకు నాలుగైదు రంగాలు ఒకేసారి నచ్చుతుంటాయి. పదో తరగతి దగ్గరపడ్డాక, ఎవరూ చెప్పకపోయినా తనంతట తాను దేన్ని పట్టుకుని కూర్చుంటోందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం.