యువ రచయిత్రికి లేఖ: దొరగారి ప్రార్థన, పనిమనిషి ప్రార్థన

ప్రియమైన సోదరికి వందనాలు.

మీరు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. 1880లలో ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్‌లో ఒక పెద్ద భవనం, అందులో గదులు శుభ్రం చేసే పనిమనిషి, భోజనాల దగ్గర వడ్డించే ఫుట్‌మన్, వారిద్దరి ప్రేమ: ఈ కథను తెలుగు క్రైస్తవ పాఠకుల కోసం రాయాలన్న మీ ఆలోచన నాకు నచ్చింది. మీ వాక్యం కూడా బాగుంది. అయితే మీ కథలో దొరగారు మొదలుకొని గిన్నెలు తోమే పిల్ల వరకు అందరూ ఒకే రకంగా ప్రార్థిస్తున్నారు, ఒకే రకంగా ఓదార్పు పొందుతున్నారు. ఆ ఇళ్లలో అది సాధ్యమని నేను అనుకోను. యజమాని వినిపించే వాక్యానికీ, పనిమనిషి తనంతట తాను చదువుకునే వాక్యానికీ మధ్య ఉన్న దూరంలోనే మీ నవల నడవాలి.

కుటుంబ ప్రార్థన సన్నివేశాన్ని మీరు నాలుగు వాక్యాలలో ముగించారు. అక్కడే ఆగవలసింది. ఆ కాలపు పెద్ద ఇళ్లలో ఉదయం ఫలహారానికి ముందు పనివారంతా హోదా ప్రకారం వరుసగా లోపలికి వచ్చేవారు. ఇంటి యజమాని బైబిలు చదివేవాడు, అందరూ మోకరించేవారు, తరువాత అదే వరుసలో బయటికి వెళ్లేవారు. అప్పటికే మీ నాయిక తెల్లవారకముందే లేచి, పొయ్యిగూళ్లలో బూడిద ఎత్తి, ఇనుప చట్రాలకు నల్లరంగు పట్టించి, నిప్పు రాజేసి, పడకగదులకు వేడినీళ్లు మోసి ఉంటుంది. మోకరించినప్పుడు ఆమె మోకాళ్లకు నొప్పి ఉంటుందా, ఉండదా? మీరు ఆమె ఆత్మలోకి తొందరగా వెళ్లిపోయారు; ముందు మోకాళ్ల సంగతి చెప్పండి.

దొరగారు ఆ ఉదయం ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం చదువుతున్నాడనుకుందాం. దాసులు యజమానులకు విధేయులై ఉండాలని చెప్పే అయిదో వచనంతో మొదలుపెట్టి, ఎనిమిదో వచనం దగ్గర పుస్తకం మూసేస్తాడు. యజమానులు పనివారిని బెదిరించడం మానాలనీ, ఇద్దరికీ యజమాని పరలోకంలో ఉన్నాడనీ చెప్పే తొమ్మిదో వచనం మిగిలిపోతుంది. 1870 నాటి విద్యాచట్టం తరువాత పెరిగిన పిల్ల కాబట్టి మీ నాయిక బడిలో చదువుకుని ఉండవచ్చు, ఆమె పెట్టెలో సొంత బైబిలు ఉండవచ్చు. దొరగారి పఠనం ఎక్కడ ఆగిందో ఆమెకు తెలుసు. మగవారి వరుసలో నిలబడిన ఆ ఫుట్‌మన్‌కు కూడా తెలుసని ఆమె గమనిస్తే, ప్రేమకు అంతకన్నా మంచి ఆరంభం నాకు తోచడం లేదు. దయచేసి ఆమె చేత ఆ వచనం పైకి చెప్పించవద్దు, చెప్పించారంటే ఆ రోజే ఆమె కొలువు పోతుంది, మీ కథా పోతుంది.

నాయకుణ్ణి అవిశ్వాసిగా మొదలుపెట్టి, చివరిలో మారుమనస్సు పొందించి, ‘అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అన్న వాక్యానికి ఇబ్బంది లేకుండా పెళ్లి చేశారు. ఈ రకం నవలల్లో ఇది అరిగిపోయిన దారి. పైగా ఆ ఇంట్లో గుడికి వెళ్లడం ఉద్యోగ ధర్మం. రోజూ ఆజ్ఞ ప్రకారం మోకరించి మోకరించి అతనిలో విశ్వాసం ఎండిపోయిందంటే నమ్ముతాను. అలా ఎండినవాడు తిరిగి చిగురించడానికి ప్రసంగం సరిపోదు.

ఇక వెన్నెలలో, తోటలో వారు గంటల తరబడి మాట్లాడుకోవడం పూర్తిగా తీసివేయండి. మగవారి పడకలు ఒక వైపు, ఆడవారివి ఇంకొక వైపు, చాలాచోట్ల అటక గదుల్లో, ఆడ పనివారికి పెద్ద అయిన హౌస్‌కీపర్ కనుసన్నలో ఉండేవి. వెంట తిరిగే మగవారు ఉండరాదని ఉద్యోగ ప్రకటనలలోనే రాసేవారు. అందువల్ల ప్రేమకు దొరికే సమయం మెట్ల మలుపులో ఒక క్షణం, గుడికి నడిచే దారిలో కొన్ని అడుగులు మాత్రమే. ఒక్క మినహాయింపు మీకు ఉపయోగపడుతుంది: శ్రమదినాల నాలుగో ఆదివారం తల్లిని చూసిరావడానికి పనిపిల్లలకు సెలవిచ్చే ఆచారం ష్రాప్‌షైర్ వంటి పశ్చిమ ప్రాంతాల్లో అప్పటికి మిగిలే ఉండేది. ఆ రోజు ఇద్దరినీ ఒకే దారిన కొన్ని మైళ్లు నడిపించండి.

మీ నవలకు పతాక సన్నివేశం మంటల్లో చిక్కుకున్న భవనం కానక్కరలేదు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలన్నది ఆంగ్లికన్ సంఘ నియమం. ఆంగ్లికన్ మిషన్ల నుంచి వచ్చిన బందరు, దోర్నకల్, నంద్యాల సంఘాల పాఠకులకు దీన్ని వివరించనవసరం లేదు, వారి పేర్లూ అలాగే చదివారు. మీ నాయికానాయకులది ఒకే పారిష్, అంటే ఒకే గుడి పరిధి, కనుక, ముందు వరుసలో దొరగారి కుటుంబం కూర్చున్న గుడిలోనే వారి పేర్లు వినిపిస్తాయి. అభ్యంతరం ఉన్నవారు తెలపాలని గురువు అడిగినప్పుడు గుడి అంతా ఎటు చూస్తుందో ఊహించండి. 1837 నుంచి రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకునే వీలుంది కాబట్టి, వారు ఆ దారి ఎందుకు వద్దనుకున్నారో ముందుగానే చెప్పాలి. బహుశా దాక్కుని చేసుకోవడం ఆమె మనస్సాక్షికి సరిపడకపోవచ్చు. ఆమె విశ్వాసానికి అక్కడ నిజంగా ఖరీదు కట్టవలసి వస్తుంది.

ఆ ఖరీదు ఎంతో పాఠకులకు తెలియాలి. 1861లో ఇసబెల్లా బీటన్ వెలువరించిన గృహనిర్వహణ గ్రంథం ప్రకారం మీ నాయిక వంటి పై స్థాయి పనిమనిషికి ఏడాదికి 12 నుంచి 20 పౌండ్ల జీతం. అంతకన్నా విలువైనది యోగ్యతాపత్రం. దొంగ పత్రం ఇవ్వడం 1792 చట్టం ప్రకారం నేరం, కాని నిజమైన పత్రం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదు. అది లేకుండా ఇంకొక మంచి ఇంట్లో చోటు దొరకడం దాదాపు అసాధ్యం. భార్యాభర్తలుగా ఆ ఇంట్లోనే కొనసాగడం కూడా అరుదు.

మీరు చుట్టూ తిరిగి తప్పించుకున్న పాత్ర ఒకటుంది. గర్భవతి అయి పంపివేయబడిన వంటింటి పిల్లను ఒక్క పేరాలో బండి ఎక్కించారు. 1875లో ఆంగ్లికన్ సంఘంలో మొదలైన గర్ల్స్ ఫ్రెండ్లీ సొసైటీ ఇలాంటి పనిపిల్లలకు స్నేహితురాళ్లనూ, ఆసరానూ ఇచ్చింది. అదే సొసైటీ, శీలం పోయిందని తేలిన పిల్ల సభ్యత్వ పత్రాన్ని వెనక్కి తీసుకునేది. మీ నాయిక అందులో సభ్యురాలైతే, ఆ బండి కదిలేటప్పుడు ఏం చేస్తుంది? క్రైస్తవ నవల కనుక దీన్ని వదిలేయాలని ఎవరైనా మీకు సలహా ఇస్తే వినకండి.

చదవవలసినవి రెండు చెబుతాను. వేల్స్‌లోని రెక్సమ్ దగ్గర ఎర్డిగ్ భవనంలో యార్క్ కుటుంబం తమ పనివారి చిత్రాలు గీయించి, వాటికి పద్యాలు కూడా రాసింది. ముఖాలు పనివారివి, మాటలు యజమానులవి. దానికి విరుగుడుగా హన్నా కల్విక్ అనే పనిమనిషి తన చేతితో రాసుకున్న దినచర్యలు చూడండి. ఎన్ని జతల బూట్లు తుడిచిందో, ఏ మెట్లు కడిగిందో అందులో ఉంటుంది. మీ నాయిక ప్రార్థనకు కావలసిన భాష మీకు అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

ప్రస్తుతానికి కుటుంబ ప్రార్థన, వివాహ ప్రకటన ఉన్న అధ్యాయాలు రెండే తిరగరాసి పంపండి. మిగతావి వాటిని బట్టి మారతాయి కాబట్టి ముట్టుకోవద్దు.

మీ శ్రేయోభిలాషి