బీఎంసీ చేస్తే గైడ్ అయిపోయినట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొండల గొడవే ఎక్కువ. బెంగళూరులో మనవాళ్లకి శుక్రవారం రాత్రి ట్రెక్‌కని టెంపో ట్రావెలర్ ఎక్కడం అలవాటైపోయింది కదా, దాని వెంటే తగాదాలూ వచ్చాయి. అయిదు ఉత్తరాలు తీసుకున్నాను. నేను డాక్టర్ని కాను, మందుల సంగతి మీ డాక్టర్నే అడగండి. పంతొమ్మిదేళ్లుగా జనాన్ని కొండలు ఎక్కించి దింపుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తున్నాను, అంతే.

అక్కా, మాది నంద్యాల, ఉండేది మారతహళ్లి. రెండేళ్లుగా ఒకే గ్రూపుతో ట్రెక్‌లకి వెళ్తున్నాను. స్కందగిరి, సావనదుర్గ, తడియాండమోల్ అన్నీ వాళ్లతోనే. ఇప్పుడు మే నెలలో హిమాలయాల్లో 4,500 మీటర్ల ట్రెక్ పెట్టారు. లీడర్‌గా వచ్చేది ఇక్కడ మమ్మల్ని తిప్పే అబ్బాయే. "నేను బీఎంసీ చేశాను, టెన్షన్ పడకండి" అంటున్నాడు. మంచివాడే. సర్టిఫికెట్ చూపించమంటే నొచ్చుకుంటాడేమోనని భయం. అడగొచ్చా?

అడగండి. పెళ్లికి వంట మేస్త్రీని మాట్లాడేటప్పుడు ఎన్ని పెళ్లిళ్లకి వండావు, ఎంతమందికి వండావు అని అడుగుతాం, ఆయనేం నొచ్చుకోడు. పని తెలిసినవాడికి ఆ ప్రశ్న అంటే ఇష్టం కూడా.

కాకపోతే సర్టిఫికెట్ చూసి ఏం తెలుసుకోవాలో ముందు తెలియాలి. బీఎంసీ అంటే బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలిలో, పహల్గాంలో ఉన్న సంస్థలు, ఇలాంటి చోట్ల నెల రోజులకి కాస్త తక్కువగా నడుస్తుంది. తాడుకి ముడులు వేయడం, రాయి ఎక్కడం, బూట్లకి క్రాంపాన్లు (మంచులో జారకుండా పట్టే ఇనుప పళ్లు) కట్టుకుని గ్లేసియర్ మీద నడవడం, జారితే ఐస్ యాక్స్‌తో తనని తాను ఆపుకోవడం నేర్పిస్తారు. గట్టి కోర్సే, నేను చేసినప్పుడు మూడో రోజే ఇంటికి పారిపోదామనుకున్నాను. అందులో 'ఏ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకి తీసుకుంటారు. ఆపైన సెర్చ్ అండ్ రెస్క్యూ, ఇతరులకి నేర్పడం ఎలాగో చెప్పే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ అని వేరే కోర్సులున్నాయి. అంటే బీఎంసీ కాగితం చెప్పేది ఆ అబ్బాయి తన ఒళ్లు తాను కాపాడుకోవడం మొదలుపెట్టాడని మాత్రమే, మీ పదిహేనుమందిని కాపాడగలడని కాదు. అందుకని బీఎంసీ అయిందా అని ఊరుకోకుండా ఏ గ్రేడ్, ఏ సంవత్సరం, ఆ తర్వాత ఏం చేశారు అని అడగండి.

యూరప్‌లో ఈ లెక్క వేరు. ఆస్ట్రియా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ గైడ్లు కలిసి 1965లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నారు. దాని బ్యాడ్జి రావాలంటే రాయి మీద, మంచు మీద, స్కీ మీద విడివిడిగా ఏళ్ల తరబడి శిక్షణ, పరీక్షలు ఉంటాయి. మన పక్కనున్న నేపాల్ గైడ్ల సంఘం 2012లో అందులో చేరింది. మన దగ్గర దేశం మొత్తానికీ చెల్లే గైడ్ లైసెన్సు ఒకటంటూ లేదు. పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు ఇచ్చింది, ఇచ్చినంత మాత్రాన మీ వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ వాటిని చదివాడని గ్యారంటీ ఏముంది? అందుకే అడిగే పని మన నెత్తిన పడింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. కర్ణాటకలో అన్నిటికంటే ఎత్తైన ముళ్లయ్యనగిరే 1,930 మీటర్లు, మీరెక్కిన తడియాండమోల్ 1,748. అంటే ఆ అబ్బాయి ఇక్కడ రెండొందల ట్రెక్‌లు చేయించి ఉండొచ్చు, ఎత్తు కొట్టిన మనిషిని మాత్రం ఈ కొండల మీద ఒక్కసారి కూడా చూసి ఉండడు, చూసే వీలే లేదు. తలనొప్పి, వాంతి, నడకలో తూలడం, కూర్చున్నా ఆయాసం, ఇవి కనిపించినప్పుడు "నిమ్మరసం తాగు, సర్దుకుంటుంది" అనేవాడికీ, "సామాను వదిలెయ్, ఇప్పుడే కిందికి దిగుదాం" అనేవాడికీ తేడా ప్రాణమంత ఉంటుంది. ఆ తేడా బెంగళూరు చుట్టుపక్కల కొండల మీద తెలీదు.

కాబట్టి ఇవి అడగండి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. ప్లాన్‌లో అది లేకపోతే నాయకుడెవరైనా నేను రాను. ప్రథమ చికిత్స ఎక్కడ నేర్చుకున్నాడు? వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అయితే 70, 80 గంటల కోర్సు, వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అయితే రెండు రోజులది, రెండూ ఒకటి కాదు, రెండిటికీ గడువు తేదీ ఉంటుంది. ఆ దారి తెలిసిన స్థానిక గైడ్ ఎవరు? ఒకరికి బాగోలేకపోతే వాళ్లతో ఎవరు దిగుతారు, మిగతావాళ్లతో ఎవరు ఉంటారు? లీడర్ ఒక్కడే అయితే ఈ ప్రశ్నకి జవాబే ఉండదు, అతని మొహం చూస్తే మీకే తెలుస్తుంది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని మన బెంగళూరు నుంచి వెళ్లిన బృందంలో 9 మంది చనిపోయారు. ఎవరిదో తప్పని చెప్పడానికి కాదు ఇది గుర్తుచేయడం, అక్కడి వాతావరణం శనివారం ట్రెక్ లాంటిది కాదని.

ఎలా అడగాలంటారా, గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. ఫోన్ చేసి, "ఇంట్లో అమ్మ అడుగుతోంది, ఏం చెప్పమంటారు?" అనండి. అమ్మ పేరు చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

మేడం, మాది కె.ఆర్.పురం. ఆమధ్య మా ఆయనతో కుమారపర్వతం వెళ్లాను. దిగేటప్పుడు ఆయన మోకాలు పట్టేసి వెనకబడ్డారు. గ్రూపువాళ్లు మమ్మల్ని వదిలేసి వెళ్లి, కింద బస్సులో కూర్చుని "మీ వల్ల రెండు గంటలు లేటు" అన్నారు. ఇద్దరం ఏడ్చినంత పనైంది. తప్పు మాదా, వాళ్లదా?

వాళ్లదే. అయితే మీది కూడా ఒక చెంచాడు ఉంది, చివర్లో చెప్తాను.

గ్రూపు అన్నాక ముందు ఒకరు, వెనక ఒకరు ఉండాలి. వెనకుండే మనిషిని స్వీప్ అంటారు, అతని వెనక గ్రూపువాళ్లు ఎవరూ ఉండకూడదు. దారి చీలిన ప్రతిచోటా అందరూ వచ్చేదాకా ఆగాలి. ఇంకొకటి, ఇది నాకు ఎప్పుడూ ఒళ్లు మండే విషయం: ముందువాళ్లు నీడలో పావుగంట కూర్చుని, బిస్కెట్లు తిని, ఫోటోలు దిగి, వెనకవాడు రొప్పుతూ రాగానే "హమ్మయ్య, పదండి పదండి" అని లేస్తారు. అందరికంటే అలసినవాడికే విశ్రాంతి లేదు. అతను వచ్చాక కనీసం అయిదు నిమిషాలు ఆగాలి, తర్వాత అతన్నే ముందు నడిపించాలి. గ్రూపు వేగం అతని వేగమే. ఇష్టం లేనివాళ్లు ఇంకో గ్రూపు చూసుకోవచ్చు.

నీతులు చెప్తున్నాననుకోకండి, నేనూ చేశాను ఈ తప్పు. కొత్తలో సావనదుర్గ నుంచి దిగి, తలలు లెక్కపెట్టి, పద్దెనిమిది సరిపోయాయని బండి ఎక్కించాను. మాగడి దాటాక ఒకమ్మాయి "మా తమ్ముడేడీ?" అంది. నేను డ్రైవర్ని కూడా కలిపి లెక్కపెట్టాను. వెనక్కి వెళ్లేసరికి ఆ పిల్లాడు టీ కొట్టు దగ్గర బన్ను తింటూ కూర్చున్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి తలలు లెక్కపెట్టను. బయల్దేరేటప్పుడే ఒకటి, రెండు, మూడు అని ఎవరి అంకె వాళ్లకి ఇస్తాను, ఆగిన ప్రతిసారీ ఎవరి అంకె వాళ్లే అరవాలి. స్కూల్లో పీటీ సార్ చేయించినట్టే ఉంటుంది, మొదట నవ్వుతారు, తర్వాత అలవాటవుతుంది.

ఇక మీ చెంచాడు. మోకాలు సంగతి ఆయనకి ఇంటి దగ్గరే తెలుసు కదా? ముందే లీడర్‌తో చెప్పాల్సింది. కుమారపర్వతం 1,712 మీటర్లే అయినా కుక్కే సుబ్రహ్మణ్య వైపు దిగుడు మోకాళ్లని నమిలేస్తుంది. మనవాళ్లు సర్పదోష పూజకి కుక్కే వెళ్లి, పనిలో పనిగా కొండ కూడా ఎక్కేద్దాం అనుకుంటారు. అది పనిలో పని అయ్యే కొండ కాదు.

మా గ్రూపులో ఒకాయన బ్లూటూత్ స్పీకర్ తగిలించుకుని పాటలు పెడతాడు. వద్దంటే "ఎంజాయ్ చేయడానికే కదా వచ్చాం" అంటాడు. ఏం చేయాలి? – బీటీఎం లేఅవుట్

స్పీకర్‌కి చార్జింగ్ ఉంటుంది కదా, బండిలో ఆ కేబుల్ ఎవరైనా అడిగితే తీసి ఇచ్చేయండి. సరదాకి అన్నాను. బయల్దేరకముందు లీడరే చెప్పాలి, ఎక్కడం మొదలయ్యాక చెప్తే గొడవే. అడవిలో ఏనుగో కాటియో కదిలే చప్పుడు మనకి వినపడాలి, మన పాట వాటికి కాదు. కాటి అంటే తెలుసుగా, అడవిదున్న. అది ఎదురుగా వస్తే ఏ పాట పెట్టినా లాభం లేదు.

కుద్రేముఖ వెళ్తే స్థానిక గైడ్‌ని పెట్టుకోవాలన్నారు. ఫోన్‌లో మ్యాప్ ఉంది, దారి స్పష్టంగా ఉంది, ఆయన మాతో మాట్లాడింది కూడా లేదు, ముందు నడిచాడంతే. ఆ డబ్బు దండగ కాదా? పైగా చివర్లో టిప్ కూడా ఇవ్వాలా? – వైట్‌ఫీల్డ్

ఆయన మాట్లాడలేదా, మీరెవరైనా ఆయనతో మాట్లాడారా? పేరు అడిగారా? ఉత్తరం మొత్తంలో లేదు. చాలా గ్రూపుల్లో "ఏయ్ గైడ్" అని పిలవడం విన్నాను. మనం అన్న అంటాం, వాళ్లు అణ్ణ అంటారు, ఒక అక్షరం తేడా, అది కూడా నోరు తిరగకపోతే ఎలాగండీ? పదిహేనుమంది తెలుగులో జోకులేసుకుని నవ్వుతుంటే, తన గురించేనేమో అనుకుంటూ నడిచే మనిషి ఇంకేం మాట్లాడతాడు?

మ్యాప్ దారి చూపిస్తుంది. పొద్దున వాన పడితే ఏ వాగు సాయంత్రానికి దాటరాదో, ఏ గడ్డి మైదానంలో పొగమంచు దిగితే కాలిబాటలన్నీ ఒకేలా కనిపిస్తాయో చూపించదు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి అడవిలో మంటలు చుట్టుముట్టి ట్రెక్‌కి వెళ్లినవాళ్లలో 23 మంది చనిపోయారు. ఎండిన గడ్డిలో నిప్పు ఎగువకి పరిగెడుతుంది, మనిషి దానికంటే వేగంగా కొండ ఎక్కలేడు. ఆ తర్వాత అక్కడ నిబంధనలు గట్టిచేశారు, 2024లో తమిళనాడు ప్రభుత్వం 40 దారులు తెరిచినప్పుడు ఆ ఊళ్ల యువకులకే శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. మన కర్ణాటకలో కూడా 2024 జనవరి చివర్లో కుమారపర్వతం మీద తిరునాళ్లలా జనం కిక్కిరిసిపోయాక, అటవీ శాఖ ఆన్‌లైన్ టికెట్ లేని చోట్ల ట్రెక్‌లు కొన్నాళ్లు ఆపేసింది. టికెట్ మీ పేరున, మీ గుర్తింపు కార్డుతో ఉందో లేదో ఆర్గనైజర్ని అడిగి చూసుకోండి. "అక్కడ మనవాళ్లున్నారు, చూసుకుంటారు" అన్నాడంటే లేదని అర్థం.

టిప్ మీ ఇష్టం. బలవంతమేమీ లేదు, కానీ ఇస్తే కవర్లో పెట్టి, గ్రూపు మొత్తం తరఫున ఒకరు, ఆయన చేతికే ఇవ్వండి. ఆర్గనైజర్ చేతికి ఇస్తే చేరుతుందో లేదో నేను చెప్పను. టిప్ కంటే ముఖ్యమైంది ఒకటుంది. 1820లో ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్ మీద మంచు జారి ముగ్గురు గైడ్లు చనిపోయారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని షామొనీ ఊరి గైడ్లు సంఘం పెట్టుకున్నారు, వంతుల వారీగా పని పంచుకోవడానికీ, పోయినవాళ్ల కుటుంబాలకి సాయం చేయడానికీ. గైడ్ల సంఘాలకి తొలి ఉదాహరణ అదే. హిమాలయాలకి వెళ్లేటప్పుడు మీ ఇన్సూరెన్స్ అడుగుతారుగా, పోర్టర్లకి ఉందా అని కూడా అడగండి. వాళ్లకి బూట్లున్నాయా, రాత్రి పడుకునే టెంటు ఉందా చూడండి. మీ బ్యాగులో రెండో జత జీన్స్ ఎవరి వీపు మీద ఎక్కుతుందో గుర్తుపెట్టుకుని సర్దుకోండి.

నాకు 22. మాది అనంతపురం, ఇక్కడ బొమ్మనహళ్లిలో ఉద్యోగం. ట్రెక్ లీడర్ అవ్వాలని ఉంది. ఒక గ్రూపువాళ్లు "పదిమందిని తీసుకురా, నీకు ఫ్రీ, నువ్వే లీడర్" అంటున్నారు. వెళ్లనా?

వెళ్లొద్దు నాన్నా. పదిమందిని తెచ్చేవాడు ఏజెంటు.

నిజంగా ఇష్టముంటే ముందు రాయితో మొదలుపెట్టు. కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ గోడ ఉంది, రామనగర బండలున్నాయి, తెలిసినవాళ్లతో వెళ్లి తాడు పట్టడం నేర్చుకో. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిందని అందరికీ తెలుసు. ఆ అమ్మాయి మొదలుపెట్టింది భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుందని మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది. బీఎంసీకి చాలా ముందుగా సీటు బుక్ చేసుకోవాలి, కాబట్టి ఇవాళే దరఖాస్తు చూడు, ఈలోపు పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టు. అక్కడ బరువు బ్యాగుతో నడిపిస్తారు. కోర్సు అయ్యాక ఏదైనా మంచి బృందంలో రెండేళ్లు స్వీప్‌గా చెయ్యి. అందరికంటే వెనక, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లతో. వాళ్ల బూటు లేసులు కట్టి, వాళ్ల బ్యాగు మోసి, "ఇంకెంత దూరం?" అన్న ప్రశ్నకి వందసార్లు విసుక్కోకుండా జవాబు చెప్పి చూడు. అప్పటికీ ఇష్టం పోకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయి, మా శనివారం బండిలో వెనక సీటు ఒకటి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.